మాగే స్టౌట్, ఆవిరయ్యే కాఫీ: నిల్వ చర్చపై ఒక సమీక్ష

కాఫీ కలిపిన స్టౌట్ బీరును నిల్వ పెడితే రుచి పెరుగుతుందా, తరుగుతుందా అన్నది పైకి చిన్న ప్రశ్నే. ఒకే సీసాలో రెండు భిన్న స్వభావాలు ఉండటం వల్ల అది చిక్కుపడింది. స్టౌట్‌కు, అందులోనూ ఆల్కహాల్ ఎక్కువున్న గాఢమైన స్టౌట్‌కు, ఏళ్ల తరబడి నిలిచే బీరని పేరు. కాఫీ తీరు దీనికి పూర్తిగా ఎదురు. వేయించిన గింజలు వారాల్లో, పొడి రోజుల్లో, డికాషన్ గంటల్లో కమ్మదనం పోగొట్టుకుంటాయి. నిలిచేదాన్నీ నిలవనిదాన్నీ కలిపి మూత బిగిస్తే చివరికి ఏది మిగులుతుందన్నదే వివాదం.

తెలుగువారి వంటింట్లో ఈ రెండు తీరులూ పక్కపక్కనే కనిపిస్తాయి. పాత బియ్యం అన్నం పొడిపొడిగా ఉంటుంది. ఆవకాయ కలిపిన రోజు కంటే నెల తర్వాత, ముక్క ఊరి, ఆవఘాటు తగ్గి, రుచి కుదురుకుంటుంది. అదే ఇంట్లో రాత్రి దించిన డికాషన్ పొద్దుటికి రంగు నిలుపుకుంటుంది, చేదు నిలుపుకుంటుంది, వాసన మాత్రం నిలుపుకోదు. ఈతకల్లు సంగతి ఇంకా తొందర: పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. పదార్థాన్ని బట్టి న్యాయం మారుతుంది. కాఫీ స్టౌట్‌లో ఆవకాయ న్యాయం ఎంత, డికాషన్ న్యాయం ఎంత అన్నది తేల్చడానికి చరిత్ర, రసాయనశాస్త్రం, రుచి చూసినవారి సాక్ష్యం మూడూ కావాలి. హైదరాబాదు ఉత్తర శివారు కొంపల్లి లాంటి చోట నాలుగోది కూడా కావాలి. అది ఎండ లెక్క.

నిల్వ అలవాటు పుట్టుక

18వ శతాబ్దపు లండన్‌లో పోర్టర్ అనే ముదురు రంగు బీరును పెద్ద చెక్క తొట్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా మాగబెట్టేవారు. ఆనాటి పానశాలల వాడుకలో ‘స్టేల్’ అంటే పాడైపోయిన బీరు కాదు, మాగి నిలకడకు వచ్చిన బీరు. అప్పుడే చేసిన ‘మైల్డ్’ కంటే దానికి ధర ఎక్కువ. తాగేవారి ఇష్టాన్ని బట్టి రెండింటినీ కలిపి పోసేవారు. ఇప్పుడు తిట్టులా వినిపించే మాట ఒకప్పుడు మెచ్చుకోలు. 1814 అక్టోబరు 17న మ్యూక్స్ కంపెనీవారి హార్స్‌షూ బ్రూవరీలో అలాంటి తొట్టి ఒకటి పగిలి, పొంగిన బీరులో 8 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మాగబెట్టే వ్యాపారం ఎంత పెద్ద ఎత్తున సాగేదో ఆ ప్రమాదమే చెబుతుంది.

మాగిన బీరుకు ఆ ప్రత్యేకమైన వాసన ఎక్కడి నుంచి వస్తుందో 1904 వరకు తెలియలేదు. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన నీల్స్ యెల్టె క్లౌసెన్ ఇంగ్లండు నిల్వ బీర్లలో ఒక రకం ఈస్టును గుర్తించి దానికి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. ‘బ్రిటిష్ శిలీంధ్రం’ అని ఆ పేరుకు అర్థం. అంటే పాత పోర్టర్ మాగడం ఒక జీవక్రియ. నేటి స్టౌట్ మాగడం చాలావరకు రసాయన క్రియ. రెండింటికీ ఒకే మాట వాడటం చర్చలోని మొదటి చిక్కు.

పోర్టర్లలో గాఢమైనదానికే ‘స్టౌట్ పోర్టర్’ అని పేరు, తర్వాత అది స్టౌట్‌గా మిగిలింది. 1817లో డేనియల్ వీలర్ తిరిగే పీపాలో బార్లీ మాల్టును నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ పొందాడు. నేటి స్టౌట్‌లోని మాడు రుచి, నల్ల రంగు, కాఫీని గుర్తుచేసే చేదు ఆ వేయించిన ధాన్యం నుంచి వచ్చినవే. కాఫీ గింజ ఒక్కటి కూడా వేయకుండానే స్టౌట్‌కు కాఫీ పోలిక ఉంటుందన్న ఈ సంగతి తర్వాతి వాదనల్లో చాలాసార్లు అడ్డుపడుతుంది.

లండన్‌లోని థ్రేల్ బ్రూవరీ రష్యా రాజదర్బారుకు పంపిన గాఢమైన స్టౌట్ నుంచి ‘ఇంపీరియల్ స్టౌట్’ అనే వర్గం ఏర్పడింది. ఆ వారసత్వంలో వచ్చిన కరేజ్ ఇంపీరియల్ రష్యన్ స్టౌట్ సీసాల మీద తయారైన సంవత్సరం వేసేవారు. స్టౌట్ కాకపోయినా అదే దారిలో 1968లో ఎల్డ్రిడ్జ్ పోప్ తయారుచేసిన థామస్ హార్డీస్ ఏల్ 25 ఏళ్లు నిలుస్తుందని సీసా మీదే చెప్పింది. బీరును ద్రాక్షసారాలా సంవత్సరాల వారీగా దాచి, వరసగా తెరిచి పోల్చే అలవాటు ఇలాంటి సీసాలతోనే బలపడింది.

భారతదేశానికి ఈ కథ కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి ఇక్కడి దండు ఊళ్లలోని బ్రిటిష్ సైనికుల కోసం పోర్టర్ పీపాలు ఓడల్లో వచ్చేవి. కొంపల్లి పొరుగున ఉన్న బొల్లారం, సికింద్రాబాద్ అలాంటి దండు ఊళ్లే. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి నెలల పాటు సాగే ఆ ప్రయాణంలో బీరు మాగక తప్పదు. అదే దారిలో ఎదురు వెళ్లిన మలబారు కాఫీ గింజలు సముద్రపు తేమకు ఉబ్బి, పసుపు రంగుకు తిరిగి, పులుపు తగ్గి యూరప్ చేరేవి. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ప్రయాణం కురచయింది. పాత రుచికి అలవాటుపడిన కొనుగోలుదారుల కోసం పశ్చిమ తీరపు గోదాముల్లో గింజలకు రుతుపవనాల తడిగాలి తగిలించి ‘మాన్‌సూన్డ్ మలబార్’ తయారుచేయడం మొదలైంది. కాఫీలోనూ మాగడం అనేది ఉంది. అయితే అది వేయించని పచ్చి గింజకు సంబంధించినది. వేయించిన గింజను ఎవరూ మాగబెట్టరు.

కాఫీ స్టౌట్ రంగప్రవేశం

స్టౌట్‌లో నిజం కాఫీ కలపడం చిన్న బ్రూవరీల ఉద్యమంతో, ముఖ్యంగా అమెరికాలో, 1990లలో ఊపందుకుంది. రెడ్‌హుక్ బ్రూవరీ 1995లో స్టార్‌బక్స్ కాఫీతో డబుల్ బ్లాక్ స్టౌట్ తెచ్చింది. డాగ్‌ఫిష్ హెడ్ సంస్థ కాఫీతోపాటు వేయించిన చికోరీ కూడా వేసి చికోరీ స్టౌట్ చేసింది. ఫిల్టర్ కాఫీ తాగే తెలుగువారికి ఆ జోడీ వింతేమీ కాదు. తర్వాత ఫౌండర్స్ బ్రేక్‌ఫస్ట్ స్టౌట్, డెన్మార్కు మిక్కెలర్ వారి బీర్ గీక్ బ్రేక్‌ఫస్ట్, ఏల్‌స్మిత్ స్పీడ్‌వే స్టౌట్ ఈ వర్గానికి గుర్తింపు తెచ్చాయి. 2010లో గూస్ ఐలాండ్ తన బర్బన్ పీపాల్లో మాగిన ఇంపీరియల్ స్టౌట్‌కు కాఫీ కలిపి విడుదల చేసింది.

చర్చ ముదిరింది ఇక్కడే. ఏళ్లు నిలవడానికే పుట్టిన బీరులోకి, నిలవని కాఫీని చివరి రోజుల్లో కలిపారు. ఖరీదైన సీసా గనుక కొన్నవారు దాచుకున్నారు. దాచి తెరిచినవారిలో కొందరు నునుపు పెరిగిందన్నారు, కొందరు కాఫీ పోయిందన్నారు, మరికొందరు పచ్చి క్యాప్సికం వాసన వచ్చిందన్నారు. ముగ్గురూ తాగినది ఒకే పేరున్న బీరే.

సీసాలో జరిగే మార్పులు

స్టౌట్ వైపు మార్పులు నెమ్మదిగా సాగుతాయి. హాప్స్ ఇచ్చే చేదు కాలంతోపాటు తగ్గుతుంది. ఆల్కహాల్ మంట మెత్తబడినట్టు తోస్తుంది. మాల్టు నుంచి వచ్చిన పదార్థాలు మార్పు చెంది ఎండు ద్రాక్ష, ఖర్జూరం, బెల్లం పాకం, షెర్రీ తరహా వాసనలు ఇస్తాయి. సీసాలో ఈస్టు మిగిలి ఉంటే కొంత ఆక్సిజన్‌ను అది తీసుకుని బీరును కాపాడుతుంది. ఆ ఈస్టు చచ్చి కరగడం మొదలైతే సోయా సాస్ రుచి తేలుతుంది. లేతరంగు బీర్లను పట్టే తడిసిన అట్టపెట్టె వాసనకు ముఖ్య కారణంగా చెప్పే ట్రాన్స్-2-నోనెనాల్ స్టౌట్‌లోనూ పుడుతుంది గాని, మాడు వాసనల చాటున చాలాకాలం దాగగలదు.

కాఫీ వైపు మార్పులు వేగంగా సాగుతాయి. కాఫీలో ఆవిరయ్యే వాసన పదార్థాలు వందల సంఖ్యలో ఉన్నాయి. అప్పుడే వేయించిన గింజకు ఆ పరిమళం ఇచ్చేవాటిలో ముఖ్యమైనది గంధకం ఉన్న 2-ఫర్‌ఫ్యూరిల్‌థయాల్. దాన్ని 1926లో రైక్‌స్టైన్, స్టౌడింగర్ కాఫీలో గుర్తించారు. తర్వాతి కాలంలో ఇద్దరికీ వేర్వేరు పరిశోధనలకు నోబెల్ బహుమతులు వచ్చాయి. లీటరు నీటిలో గ్రాములో సుమారు 10 కోట్లవ వంతు ఉన్నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. అంత బలమైన వాసన అంతే సులువుగా పోతుంది కూడా. ఆక్సిజన్ దాన్ని మారుస్తుంది. కాఫీకి గోధుమ రంగునిచ్చే మెలనాయిడిన్లు దాన్ని పట్టి బంధిస్తాయి. 2000 దశకం తొలి ఏళ్లలో జర్మనీలో హాఫ్‌మాన్, షీబర్లె తదితరులు చేసిన ప్రయోగాలు డికాషన్ నిలిచినకొద్దీ వాసన తగ్గడానికి ఈ బంధనం ఒక ప్రధాన కారణమని చూపాయి.

కాఫీ స్టౌట్ విషయంలో కీలకమైన మెలిక ఇక్కడే ఉంది. మెలనాయిడిన్లు నల్లగా వేయించిన మాల్టులోనూ పుష్కలంగా ఉంటాయి. స్టౌట్‌ను నల్లగా, చిక్కగా చేసే పదార్థాలే కాఫీ పరిమళాన్ని పట్టి ఉంచేవి కావచ్చు. మూత ఎంత గట్టిగా ఉన్నా ఈ నష్టం సీసా లోపలే జరుగుతుంది, వాసన బయటికి పోనక్కరలేదు. మూత బాగా బిగిస్తే చాలన్న నమ్మకం అందుకే సగమే నిజం.

మరో మార్పు ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్‌ది. వేయించిన మాల్టు, వేయించిన కాఫీ రెండూ దీన్ని ఇస్తాయి. బీరులోని ఆల్కహాల్‌తో చర్య జరిపి ఇది ఫర్‌ఫ్యూరిల్ ఈథైల్ ఈథర్‌గా మారుతుంది. పాత బీరులో పెయింటు పలచన చేసే ద్రావకాన్ని గుర్తుచేసే వాసనకు ఇదొక కారణమని బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు నీటిలో నెమ్మదిగా విడిపోయి పులుపు, వగరు పెంచుతాయి. కెఫీన్ మాత్రం చెక్కుచెదరదు. ఏళ్ల తర్వాత కాఫీ వాసన లేని స్టౌట్‌లోనూ కాఫీ చేదులో కొంత భాగం, నిద్రను చెడగొట్టే గుణం అలాగే ఉంటాయి.

కాఫీ కలిపే పద్ధతి తేడా

అన్ని కాఫీ స్టౌట్లూ ఒక్కలాంటివి కావు. మాల్టు నానే దశలోనో, మరిగే దశ చివరనో పొడి వేస్తే వాసనలో ఎక్కువ భాగం ఆవిరితో, పులిసేటప్పుడు పొంగే వాయువుతో పోతుంది. మిగిలేది చేదు, మాడు రుచి. ఇలా చేసిన బీరులో పోవడానికి పెద్దగా ఏమీ ఉండదు గనుక నిల్వలో మార్పు తక్కువగా కనిపిస్తుంది. పులియడం ముగిశాక చల్లటి నీటిలో నానబెట్టి తీసిన డికాషన్ కలిపితే వాసన నిండుగా వస్తుంది గాని, ఆ డికాషన్‌తో ఆక్సిజన్, సూక్ష్మజీవులు కూడా లోపలికి రావచ్చు. మూడో పద్ధతిలో గింజలను పూర్తిగానో కచ్చాపచ్చాగా నలిపో సంచిలో కట్టి చల్లని బీరులోనే ఒకటి రెండు రోజులు నానబెడతారు. రంగు, చేదు కంటే పరిమళం ఎక్కువ దిగేది ఈ పద్ధతిలోనే.

గింజ కూడా లెక్కలోకి వస్తుంది. తూర్పు కనుమల్లో 1898లో పాములేరు లోయతో మొదలైన కాఫీ సాగు నేడు అరకు ప్రాంత గిరిజన రైతుల చేతుల్లో ఉంది. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి అరబికాను మధ్యస్థంగా వేయిస్తే పండ్ల పులుపు, పూల ఛాయలు తేలుతాయి. నిల్వలో ముందుగా పోయేవి ఆ సున్నితమైన ఛాయలే. నల్లగా వేయించిన గింజ మాడు రుచి ఎక్కువకాలం నిలుస్తుంది గాని, అది మాల్టు మాడుతో కలిసిపోయి విడిగా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

మూడు వాదాలు

*తాజా వాదం.* కాఫీ స్టౌట్‌ను కొన్న వెంటనే తాగాలని, కాఫీ కోసమే డబ్బు పెట్టినప్పుడు కాఫీ పోయేదాకా ఆగడంలో అర్థం లేదని ఈ వాదం. చాలామంది తయారీదారులు, కాఫీ వేయించేవారు ఈ పక్షమే. గంధకపు వాసన పదార్థాల రసాయనశాస్త్రం దీనికి గట్టి ఆధారం. దీని బలహీనత అతి సాధారణీకరణ. 5 శాతం ఆల్కహాల్ ఉన్న పబ్బు స్టౌట్‌నూ, 12 శాతం ఉన్న పీపా స్టౌట్‌నూ ఇది ఒకే గాటన కట్టేస్తుంది. కొత్తగా చేసిన గాఢమైన స్టౌట్‌లో ఆల్కహాల్ మంట, కాఫీ పులుపు, హాప్స్ చేదు మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటాయన్న సంగతిని పక్కన పెడుతుంది.

*మాగుడు వాదం.* కాఫీ తగ్గడం నష్టం కాదని, అది మాల్టుతో కలిసిపోయి చాక్లెట్, ఎండు పండ్ల రుచిగా మారుతుందని ఈ వాదం. సంవత్సరాల వారీగా సీసాలు దాచేవారిలో దీనికి మద్దతు ఎక్కువ. పోర్టర్, ఇంపీరియల్ స్టౌట్ల చరిత్ర దీనికి అండ. అయితే ఆ చరిత్రలో కాఫీ లేదు. పాత స్టౌట్ మాగిందన్న సాక్ష్యం కాఫీ స్టౌట్‌కు దానంతటదే వర్తించదు. ఐదేళ్ల సీసాలో కాఫీ ఇంకా బాగుందని చెప్పేవారు నిజానికి నల్లని మాల్టు మాడునే కాఫీగా పొరబడుతూ ఉండవచ్చు. దాచిన సీసాపై పెట్టిన ఖర్చు, చూసిన ఎదురుచూపు తీర్పును తీపి చేస్తాయన్న అనుమానమూ ఉంది.

*షరతుల వాదం.* ఆల్కహాల్ 9, 10 శాతం దాటి, ఆక్సిజన్ తక్కువగా చేరి, చల్లగా నిల్వ ఉంటే ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగడం మేలు చేయవచ్చని, అంతకు మించితే కాఫీ వదులుకోవడానికి సిద్ధపడాలని ఈ వాదం. ఆచరణకు ఇదే దగ్గర. దీని ఇబ్బంది దీని షరతుల్లోనే ఉంది: సీసాలో ఎంత ఆక్సిజన్ చేరిందో, దుకాణానికి వచ్చేలోపు ఎన్నాళ్లు వేడిలో ఉందో కొనేవారికి తెలిసే వీలు లేదు.

తులనాత్మక సారాంశం

| అంశం | 3 నెలల లోపు | 6–12 నెలలు, చల్లగా | 2 ఏళ్ల పైన |
|---|---|---|---|
| కాఫీ పరిమళం | నిండుగా, విడిగా తెలుస్తుంది | తగ్గి మాల్టుతో కలిసిపోతుంది | దాదాపు ఉండదు. ఉన్నట్టు తోచేది మాల్టు మాడు |
| ఆల్కహాల్ మంట (గాఢమైన స్టౌట్‌లో) | పదునుగా | మెత్తబడుతుంది | ఇంకా మెత్తబడుతుంది |
| హాప్స్ చేదు | స్పష్టంగా | తగ్గుతుంది | బాగా తగ్గుతుంది |
| కొత్తగా వచ్చే రుచులు | లేవు | చాక్లెట్, ఎండు పండ్లు | షెర్రీ, బెల్లం పాకం, సోయా సాస్ |
| ప్రమాదం | తక్కువ | పచ్చి క్యాప్సికం వాసన | అట్టపెట్టె వాసన, వగరు, పులుపు |
| 8 శాతం లోపు బీరుకు | తాగవలసిన సమయం | అప్పటికే తరుగుదల | నిల్వకు పనికిరాదు |
| 10 శాతం పైన బీరుకు | బాగుంటుంది, కొంత పదునుగా | చాలామందికి నచ్చే దశ | స్టౌట్‌గా బాగుండవచ్చు, కాఫీ స్టౌట్‌గా కాదు |

కొంపల్లి ఎండలో ఇదే ప్రశ్న

నిల్వ గురించి విదేశాల్లో వచ్చే సలహాలన్నీ నేలమాళిగను మనసులో పెట్టుకుని చెప్పినవి. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య, చీకటిలో, ఏడాదంతా ఒకే తీరుగా ఉండే గది వాటి ఊహ. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్లలో నేలమాళిగలు ఉండవు. అపార్ట్‌మెంట్ల సెల్లార్ అంటే బండ్లు నిలిపే చోటు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను తాకుతుంది. పడమటి గోడకు ఆనించిన వంటింటి అల్మరా రాత్రి పొద్దుపోయాక కూడా గోరువెచ్చగానే ఉంటుంది.

బీరు పరిశ్రమలో ‘3-30-300’ అనే మోటు లెక్క ఒకటి ఉంది. సుమారు 32 డిగ్రీల వద్ద 3 రోజుల్లో వచ్చే పాతదనం 22 డిగ్రీల వద్ద 30 రోజులకు, 3 డిగ్రీల వద్ద 300 రోజులకు వస్తుందని దాని సారం. ఇది స్టౌట్లను ఉద్దేశించి చెప్పినది కాదు, అక్షరాలా నమ్మవలసినదీ కాదు. మరీ జాగ్రత్తగా, 10 డిగ్రీలు పెరిగినప్పుడు రసాయన చర్యల వేగం రెండు నుంచి మూడు రెట్లు అవుతుందన్న సాధారణ సూత్రాన్నే తీసుకుందాం. 12 డిగ్రీల మాళిగకూ 32 డిగ్రీల గదికీ మధ్య తేడా 20 డిగ్రీలు. అంటే వేగం 4 నుంచి 9 రెట్లు. ఉగాదికి అల్మరాలో పెట్టిన సీసా రెండు నెలల ఎండ గడిచేసరికి మాళిగలో 8 నుంచి 18 నెలలు గడిపిన వయసుకు వస్తుంది. పైగా వేడిలో అన్ని మార్పులూ ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకోవు. అందుకే వేడిలో పాతబడిన బీరు, చల్లగా మాగిన బీరు ఒకే రుచికి చేరవు. తొందరగా మాగిందని సంతోషించడానికి వీల్లేదు.

సీసా ఇంటికి రాకముందే ఈ లెక్క మొదలవుతుంది. తెలంగాణలో మద్యం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల మీదుగా వైన్ షాపులకు చేరుతుంది. ‘కూలింగ్ బీరు’ అని అడిగి తీసుకున్న సీసా ఆ పూట ఫ్రిజ్‌లోకి మారినదే కావచ్చు. దాని వెనక డిపో, లారీ, గోదాము ఉన్నాయి. చల్లగా ఉండటం వేరు, మొదటి నుంచీ చల్లగా ఉండటం వేరు. దేశీయ బీరు మీద సాధారణంగా కనిపించే ఆరు నెలల గడువు ఈ వాస్తవాలకు తగినదే.

చట్టం మరో హద్దు గీసింది. జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటించిన మద్య పానీయాల నిబంధనలు స్ట్రాంగ్ బీరుకు 8 శాతం ఆల్కహాల్‌ను గరిష్ఠ పరిమితిగా పెట్టాయి. నిల్వకు యోగ్యమని షరతుల వాదం చెప్పే 10, 12 శాతం స్టౌట్లు ఆ పరిధిలో ఇమడవు. 2015లో వచ్చిన తెలంగాణ మైక్రోబ్రూవరీ నిబంధనలతో హైదరాబాదులో తాజా బీరు చేసే పబ్బులు మొదలయ్యాయి. వాటి స్టౌట్ అక్కడే గ్లాసులో తాగవలసినది, సీసాకెత్తి అమ్మేది కాదు. ఇక్కడ దొరికే కాఫీ స్టౌట్‌లో ఎక్కువ భాగానికి, చట్టం వల్లనైతేనేమి, వాతావరణం వల్లనైతేనేమి, తాజాగా తాగడం తప్ప వేరే దారి లేదు. నిల్వ ప్రశ్న ప్రధానంగా విదేశాల నుంచి వచ్చేటప్పుడు బంధువులు తెచ్చే ఒకటి రెండు సీసాలదే.

ఆ సీసాకు ఉన్న ఏకైక మాళిగ ఫ్రిజ్. 4, 5 డిగ్రీల చల్లదనం మాగడాన్ని దాదాపు ఆపేస్తుంది గాని కాఫీని కాపాడుతుంది. తలుపు అరలో కంటే లోపలి అరలో, నిలువుగా పెట్టడం మేలు. తలుపు తీసినప్పుడల్లా వేడి తగలదు, ఈస్టు అడుగున కుదురుగా ఉంటుంది, బీరుకు పైన గాలి తగిలే వైశాల్యం తక్కువగా ఉంటుంది. తాగేముందు మాత్రం పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉంచాలి. మరీ చల్లటి స్టౌట్‌లో ఉన్న వాసన కూడా ముక్కుకు అందదు. కాఫీ పోయిందన్న ఫిర్యాదుల్లో కొన్ని నిల్వ తప్పు కాదు, గ్లాసులోని చల్లదనం తప్పు.

ఇంకా తేలనివి

మొదటిది పచ్చి క్యాప్సికం వాసన. క్యాప్సికంలో ఆ వాసనకు మూలం మెథాక్సీపైరజీన్లు. అవి పచ్చి కాఫీ గింజలోనూ ఉంటాయి. అయితే తాజాగా ఉన్నప్పుడు తెలియనిది నిల్వలో ఎందుకు పైకి వస్తుంది? ఇతర పరిమళాలు తగ్గడంతో అడుగున ఉన్నది బయటపడుతోందని ఒక వివరణ. తక్కువగా వేయించిన గింజ వల్లనని మరొకటి. ఆక్సిజన్ వల్ల కొత్త పదార్థం పుడుతోందని ఇంకొకటి. మొదటి వివరణ సులువైనది, మిగతా రెండూ కొట్టిపారేయదగినవి కావు.

రెండోది నల్లని మాల్టు పాత్ర. మెలనాయిడిన్లు ఆక్సీకరణను అడ్డుకుంటాయని ఒక వాదం, అవే ఆల్కహాల్‌లను ఆల్డిహైడ్లుగా మార్చి పాతదనం తెస్తాయని మరో వాదం. రెండింటికీ ప్రయోగాల మద్దతు ఉంది. కాఫీ మెలనాయిడిన్లు కూడా తోడైనప్పుడు త్రాసు ఎటు మొగ్గుతుందో తేలలేదు.

మూడోది పాతబడటానికీ పాడవడానికీ మధ్య గీత. గూస్ ఐలాండ్ 2015 నాటి కాఫీ స్టౌట్ సీసాల్లో కొన్ని పుల్లబడ్డాయి. లాక్టోబాసిల్లస్ అసిటోటాలరన్స్ అనే బ్యాక్టీరియా కారణమని గుర్తించి 2016 జనవరిలో సంస్థ కొనుగోలుదారులకు డబ్బు వాపసు ఇవ్వజూపింది. ఆ తర్వాతి నుంచి బీరును వేడిచేసి క్రిములు చంపే పద్ధతి చేర్చింది. ఇలాంటి సీసా తెరిచినవారు దోషాన్ని కాలం మీదకు నెట్టడం సులువు. నిల్వకు వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యాల్లో క్రిముల పని ఎంతో, కాలం పని ఎంతో విడదీసి చూడాలి.

నాలుగోది సాక్ష్యం సేకరించే పద్ధతి. 2021, 2022, 2023 సీసాలను వరసగా తెరిచి పోల్చడం ముచ్చటగా ఉంటుంది గాని, ఏటేటా కాఫీ పంట మారుతుంది, వేయింపు మారుతుంది, కొన్నిసార్లు బీరు వంటకమే మారుతుంది. అక్కడ పోల్చేది వయసును కాదు, మూడు వేర్వేరు బీర్లను. సరైన పరీక్షకు ఒకే విడత బీరు కావాలి. కొంత గడ్డకట్టనంత చల్లగా, కొంత 12 డిగ్రీల వద్ద, కొంత గది వేడిలో ఉంచాలి. కాఫీ కలపని అదే స్టౌట్‌ను కూడా పక్కన పెట్టాలి. ఏది ఏదో తెలియకుండా గ్లాసుల్లో పోసి రుచి చూడాలి. నాలుగో గ్లాసు లేని పరీక్షలో మాల్టు మాడుకూ కాఫీకీ తేడా తేలదు. ఇప్పటివరకు వినిపించే అభిప్రాయాల్లో ఎక్కువ భాగం ఆ గ్లాసు లేకుండా చెప్పినవే.

తీర్పు

ఉన్న ఆధారాలన్నీ కలిపి చూస్తే మూడు మాటలు నిలుస్తాయి. నిల్వలో స్టౌట్ బాగుపడవచ్చు, కాఫీ బాగుపడదు. గాఢమైన కాఫీ స్టౌట్‌ను చల్లగా ఏడాది ఉంచితే దొరికేది మెరుగైన కాఫీ స్టౌట్ కాదు, కాఫీ నీడ ఉన్న మంచి స్టౌట్. అది నచ్చేవారికి ఆగడం తప్పు కాదు, నచ్చనివారికి ఆగడం దండగ. 8 శాతం లోపు బీరు విషయంలో తాజా వాదానిదే పైచేయి.

కొంపల్లిలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సీసా మీద తయారీ తేదీ చూసి కొనాలి, తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టాలి, మూడు నెలల లోపు తాగేయాలి. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే కొనకుండా ఉండటమే మేలు.